'గో బ్యాక్' నినాదం ఎందుకు పుడుతుంది? హైదరాబాద్ వలసల కథలో కలివిడి, ఎడబాటు

క్లుప్తంగా: హైదరాబాద్ పుట్టింది మొదలు వలసలతోనే పెరిగింది. అయితే వచ్చినవారందరినీ ఒకేలా చేర్చుకోలేదు. కొలువు, క్వార్టరు, బడి వంటి ఉమ్మడి ఏర్పాట్లు ఉన్నచోట కొత్తవారు, పాతవారు త్వరగా సర్దుకున్నారు. కొత్తవారు తమవాళ్ల ద్వారానే వచ్చి, తమవాళ్ల మధ్యే పనిచేసి, తమవాళ్ల మధ్యే బతికిన చోట అనుమానం పెరిగింది. 2025లో వినిపించిన నినాదాన్ని 1952 నాటి నినాదంతో పోల్చి చూస్తే ఈ తేడా అర్థమవుతుంది.

2025 ఆగస్టులో తెలంగాణలో 'మార్వాడీ గో బ్యాక్' అన్న నినాదం మార్మోగింది. సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గర జరిగిన ఒక గొడవ సామాజిక మాధ్యమాలకు ఎక్కింది. రంగారెడ్డి జిల్లా ఆమన్‌గల్‌లో స్థానిక వ్యాపారులు బంద్ పాటించారు. ఉస్మానియా విద్యార్థి నాయకులు రాష్ట్ర బంద్‌కు పిలుపునిచ్చారు. పలువురు రాజకీయ నాయకులు ఈ నినాదాన్ని తప్పుపట్టారు, కొన్ని వారాల్లో వేడి చల్లారింది. కానీ ఇరానీ చాయ్‌నూ హలీంనూ తన గుర్తులుగా చెప్పుకునే నగరంలో, గంగా జమునా తెహజీబ్ (హిందూ ముస్లిం సంస్కృతుల కలయిక) అన్న మాట ప్రతి వేదిక మీదా వినిపించే చోట, ఇలాంటి నినాదానికి ఇంత త్వరగా గొంతులు ఎలా దొరికాయన్న ప్రశ్న మిగిలిపోయింది.

ఈ నగరానికి 'గో బ్యాక్' కొత్త కాదు. 1952లో ఇవే వీధుల్లో 'నాన్ ముల్కీ గో బ్యాక్', 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అని విద్యార్థులు నినదించారు. ముల్కీ అంటే స్థానికుడు. అప్పుడు పొమ్మన్నది మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన ఉద్యోగులను, ఇప్పుడు రాజస్థాన్ నుంచి వచ్చిన దుకాణదారులను.

ఇటువంటి సందర్భాల్లో రెండు వివరణలు వెంటనే ముందుకు వస్తాయి. హైదరాబాదీలది పెద్ద మనసు, ఎవరో కొందరు చెడగొడుతున్నారన్నది ఒకటి. బయటివారు వచ్చి ఉన్నదంతా ఊడ్చుకుపోతున్నారన్నది రెండోది. రెండూ మనుషుల మంచిచెడ్డల మీదే నిలబడ్డ వాదనలు. కొత్తవాడు ఎవరి చేయి పట్టుకుని నగరంలోకి వచ్చాడు, స్థానికుడితో అతనికి ఏది ఉమ్మడిగా ఉంది అన్న రెండు విషయాలు చూస్తే ఎక్కువ సంగతి తేలుతుంది.

దర్బారు పిలిస్తే వచ్చినవారు

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఈ నగరానికి రూపురేఖలు దిద్దిన మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. అంటే నగరం కంటే ముందే వలసదారు వచ్చాడు. ఆసఫ్ జాహీల (నిజాంల) కాలంలో ఈ రాకపోకలు ఇంకా పెరిగాయి. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం బలగాల్లో చేరి, బారకాసుల చుట్టూ స్థిరపడ్డారు. ఆ చోటే నేటి బార్కస్. ఆఫ్రికా మూలాలున్న సిద్దీలతో ఏర్పడిన ఆశ్విక దళం పేరు మీద ఏసీ (ఆఫ్రికన్ కావల్రీ) గార్డ్స్ బస్తీ ఉంది. పంజాబ్ నుంచి రంజిత్ సింగ్ కాలంలో వచ్చిన సిక్కు సైనికుల వారసులు అత్తాపూర్ వైపు ఛావనీలో ఇప్పటికీ ఉన్నారు. లెక్కాపత్రాలు చూసే ఉత్తరాది కాయస్థులు, వడ్డీ వ్యాపారం, టోకు వ్యాపారం చేసే మార్వాడీలు, గుజరాతీలు వేరు. సికింద్రాబాద్ కంటోన్మెంటు వెంట వచ్చిన తమిళులు వేరు.

వీరిలో సైనికుల కథ ఒకే తీరుగా సాగింది. పిలిచినవాడే పని చూపించాడు, పని చూపించినవాడే ఉండే చోటూ చూపించాడు. జీతం ఖజానా నుంచి వచ్చేది. పొరుగున ఉన్న స్థానికుడితో కూలికో దుకాణానికో పోటీ పడవలసిన అవసరం రాలేదు. తమ తిండినీ దుస్తులనూ మతాచారాలనూ తమ బస్తీలో కాపాడుకున్నారు. బయటికి వస్తే అందరికీ అర్థమయ్యే దక్కనీ ఉర్దూ ఉండనే ఉంది. దీన్ని కలిసిపోవడం అనడం కంటే పక్కపక్కనే ఇబ్బంది లేకుండా బతకడం అనడమే సరైనది. 1948 తర్వాత నిజాం సైన్యం పోయింది, కొలువు పోయింది, బస్తీ మిగిలింది. అప్పటికి రెండు మూడు తరాలు గడిచిపోయాయి.

ఈ ఆదరణ కథకు రెండో ముఖం కూడా ఉంది. స్వాగతం పలికింది దర్బారే తప్ప నగరవాసులు కాదు. రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడే తెలుగుకు రాజధానిలో గౌరవం లేని రోజులవి. 1884లో పాలనా భాషగా పారశీకం స్థానంలోకి ఉర్దూ వచ్చింది, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. 1921 నవంబరులో వివేకవర్ధిని పాఠశాల ఆవరణలో సంఘ సంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కార సభలో, అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోతే సభికులు ఎగతాళి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే తెలుగువారి సంస్థ ఆంధ్ర జన సంఘం పుట్టింది. దూరదేశాల నుంచి వచ్చినవారికి చోటిచ్చిన నగరం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాడి భాషకు చోటివ్వలేదు. 'మా ఊళ్లో మేమే పరాయివాళ్లం' అన్న భావన తరువాతి ఉద్యమాలన్నిటిలోనూ వినిపించడానికి మూలం ఇక్కడ ఉంది. ఈ భాగాన్ని వదిలేసి తెహజీబ్ గురించి మాత్రమే మాట్లాడితే 1952 గానీ 2025 గానీ అర్థం కావు.

ముల్కీ నిబంధన: ఎన్నేళ్లుంటే స్థానికుడు?

మొదటి సాలార్ జంగ్ దివాన్‌గా ఉన్న 1853-83 మధ్య పాలనను ఆధునికం చేయడానికి ఉత్తరాది నుంచీ మద్రాసు, బెంగాల్ వైపుల నుంచీ చదువుకున్నవారిని రప్పించారు. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ అలా వచ్చిన బెంగాలీయే. సైనికులు వచ్చినప్పుడు లేని కోపం వీరి రాకతో మొదలైంది. స్థానికంగా చదువుకున్న కుటుంబాలు కోరుకునేవి కూడా ఆ కుర్చీలనే. ముల్కీ, గైర్ ముల్కీ అన్న విభజన అక్కడ పదునెక్కింది.

1919 నాటి నిజాం ఫర్మానా దీనికి నిబంధన రూపం ఇచ్చింది. రాజ్యంలో పుట్టినవారు ముల్కీలు. బయటి నుంచి వచ్చినా పదిహేనేళ్లు ఇక్కడ స్థిరంగా ఉండి, తిరిగి వెళ్లే ఆలోచన లేదని ప్రమాణపత్రం ఇస్తే వారూ ముల్కీలే. ఈ నిబంధనను బయటివారిని ఆపే అడ్డుకట్టగానే గుర్తుంచుకుంటారు. నిజానికి పరాయివాడు స్థానికుడు కావడానికి ఎంతకాలం పడుతుంది, ఏమి చేయాలి అన్నదానికి అది రాతపూర్వకమైన సమాధానం కూడా ఇచ్చింది.

చిక్కు అమలులో వచ్చింది. 1948 పోలీసు చర్య తరువాత పాలన ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారుతున్న దశలో ఇతర ప్రాంతాల ఉద్యోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. దొంగ ముల్కీ ధ్రువపత్రాలతో కొలువులు సంపాదిస్తున్నారన్న ఆరోపణలు గుప్పుమన్నాయి. వరంగల్‌లో ఉపాధ్యాయ నియామకాల మీద రగిలిన ఆందోళన హైదరాబాద్‌కు పాకింది. 1952 సెప్టెంబరు మొదటి వారంలో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు.

తర్వాతిదంతా తెలిసిన చరిత్రే: 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్న 1972 సుప్రీంకోర్టు తీర్పు, దానికి ప్రతిగా జై ఆంధ్ర ఉద్యమం, 1973 ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. 1975లో స్థానికతను వరుసగా నాలుగేళ్ల చదువుతో లేదా నివాసంతో కొలిచారు. ఇన్ని దశాబ్దాల తగాదాలోనూ కీలకం ఒకటే. తగవులో ఉన్నది సర్కారు కొలువు. దాన్ని లెక్కపెట్టవచ్చు, వాటాలు వేయవచ్చు, వాటా తప్పితే కోర్టుకు వెళ్లవచ్చు. ఒప్పందాలు ఉల్లంఘించారన్న కోపం ఎంత తీవ్రమైనా, ఉల్లంఘించారని చెప్పడానికి ముందు ఒక ఒప్పందమంటూ ఉంది.

క్వార్టర్ల జాబితా చేసిన పని

అదే కాలంలో, అదే నగరం శివార్లలో ఇంకో రకం వలస చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది. 1960, 70 దశకాల్లో బీహెచ్ఈఎల్, హెచ్ఎంటీ, ఐడీపీఎల్, ఈసీఐఎల్, అణు ఇంధన సంస్థ వంటి కేంద్ర ప్రభుత్వ పరిశ్రమలు రామచంద్రాపురం నుంచి మౌలాలి దాకా వరుసగా వెలిశాయి. మలయాళీలు, బెంగాలీలు, తమిళులు, పంజాబీలు, కోస్తా, తెలంగాణ జిల్లాల తెలుగువారు ఒకేసారి ఉద్యోగాల్లో చేరారు.

ఇటువంటి కర్మాగారాల టౌన్‌షిప్పులో ఇల్లు దొరికేది హోదాను బట్టి, సర్వీసును బట్టి. జాబితాలో పేరు వచ్చినప్పుడు ఏ క్వార్టరు ఖాళీ అయితే అది తీసుకోవాలి. పై వాటాలో కేరళ కుటుంబం, కింద నల్లగొండ కుటుంబం, పక్కన కోల్‌కతా కుటుంబం ఉండడం ఎవరూ కోరి చేసుకున్నది కాదు, జాబితా చేసిన పని. పిల్లలందరూ వెళ్లేది ఒకే బడికి. తండ్రులు ఒకే షిఫ్టు బస్సు ఎక్కేవారు, ఒకే యూనియన్ ఎన్నికల్లో ఓటు వేసేవారు. అయ్యప్ప పూజకూ దుర్గా పూజకూ చందా రాసిన చేతులు ఒకటే. పదవీ విరమణ తరువాత చాలామంది సొంత రాష్ట్రాలకు వెళ్లకుండా అక్కడే చుట్టుపక్కల స్థలాలు కొని ఇళ్లు కట్టుకున్నారు.

సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన సూత్రానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. రెండు వర్గాల మనుషులు ఊరికే ఎదురుపడితే దురభిప్రాయాలు తగ్గవు. హోదా సమానంగా ఉండి, ఉమ్మడి లక్ష్యం ఉండి, పరస్పరం సహకరించుకోవలసి వచ్చి, పై అధికారం దానికి అండగా ఉంటేనే తగ్గుతాయన్నది ఆయన వాదన. హైదరాబాద్, లక్నో సహా కొన్ని భారతీయ నగరాలను పోల్చి చూసిన రాజనీతి శాస్త్రవేత్త అశుతోష్ వార్ష్ణేయ కూడా ఇటువంటి నిర్ణయానికే వచ్చారు. పెద్ద నగరాల్లో ఇరుగుపొరుగు పలకరింపులు గొడవలను ఆపలేవని, రెండు వర్గాలవారూ కలిసి నడిపే సంఘాలు, వ్యాపార బంధాలు ఉంటేనే వదంతులకు అడ్డుకట్ట పడుతుందని ఆయన చూపించారు.

ఇందులో ఒక పరిమితి ఉంది. ఈ ఏర్పాటు పర్మినెంటు ఉద్యోగం మీద నిలబడింది. ఆ ఉద్యోగాలు తగ్గేకొద్దీ ఆ రకం కలివిడికి అవకాశమూ తగ్గింది. నేడు గచ్చిబౌలిలోనో కోకాపేటలోనో దిగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అద్దెను బట్టి ఇల్లు ఎంచుకుంటాడు. ఇంటి యజమాని అతని తిండిని బట్టీ మతాన్ని బట్టీ పెళ్లయిందా లేదా అన్నదాన్ని బట్టీ అతన్ని ఎంచుకుంటాడు. జాబితా చేసిన పనిని బజారు చేయదు.

దుకాణం దగ్గర తగాదా

2025 నినాదం సర్కారు కొలువు గురించి కాదు, షట్టరు గురించి. ఇక్కడే పాత పనిముట్లు పనిచేయడం మానేశాయి.

రాజస్థాన్ నుంచి వచ్చే చిన్న వ్యాపారి ప్రయాణం చాలావరకు ఒకే బాటలో ఉంటుంది. కుర్రవాడు బంధువు దుకాణంలో సహాయకుడిగా చేరతాడు. కొన్నేళ్లు గడిచాక అదే బంధువర్గం పూచీ మీద టోకు వ్యాపారి అప్పుకు సరుకిస్తాడు. ఎలక్ట్రికల్, హార్డ్‌వేర్, మిఠాయిలు, ఫ్యాన్సీ వస్తువులు, ఏదో ఒకటి. ముందుగా నగరంలో, తరువాత జిల్లా కేంద్రంలో, ఆపైన మండల కేంద్రంలో దుకాణం తెరుచుకుంటుంది. కొత్త దుకాణంలో సహాయకుడు మళ్లీ సొంత ఊరి కుర్రవాడే. బ్యాంకు అడిగే తాకట్టు స్థానంలో ఇక్కడ బంధుత్వం పనిచేస్తుంది. మోసం చేస్తే వర్గంలో పరువు పోతుంది కాబట్టి అప్పు వసూలవుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల వలస వ్యాపార వర్గాలు ఎదిగింది ఈ పద్ధతిలోనే.

బలమూ బలహీనతా రెండూ ఈ పద్ధతిలోనే ఉన్నాయి. పక్క షట్టరులోని స్థానిక వ్యాపారికి ఆ అప్పు అందదు, ఆ టోకు ధర దక్కదు. ఆ ఊరి కుర్రవాడికి ఆ దుకాణంలో పని దొరకదు. అందుకే 2025లో వినిపించిన ఫిర్యాదుల్లో బిల్లుల్లేని అమ్మకాలు, నకిలీ సరుకు వంటి ఆరోపణలతో పాటు 'మనవాళ్లకు పని ఇవ్వరు' అన్న మాట పదేపదే వచ్చింది. పన్ను ఎగవేతకూ నకిలీ సరుకుకూ చట్టాలున్నాయి. అవి దుకాణదారు ఏ రాష్ట్రం వాడని అడగవు. పని ఇవ్వకపోవడానికి మాత్రం చట్టం లేదు. అప్పు దొరకకపోవడానికి అసలే లేదు.

లెక్కలో ఇంకో పక్క కూడా ఉంది. కొనేవారికి ధర తగ్గింది. ఆ షట్టర్లకు పెరిగిన అద్దె తీసుకునేది చాలాచోట్ల స్థానిక భవన యజమానే. చిన్న వ్యాపారిని ఒత్తుతున్నవి సూపర్‌మార్కెట్ గొలుసులు, నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లు కూడా. యాప్ ముఖం లేనిది, దాన్ని వెళ్లిపొమ్మని ఎవరూ నినదించలేరు. పక్క దుకాణదారు ఎదురుగా కనిపిస్తాడు.

రాజ్యాంగం ప్రకారం దేశంలో ఎక్కడైనా నివసించే, వ్యాపారం చేసుకునే హక్కు 19వ అధికరణంలో ఉంది. 371-డి ప్రభుత్వ ఉద్యోగాలకూ విద్యాసంస్థల ప్రవేశాలకూ పరిమితం. ప్రైవేటు రంగంలో వాటాలు తేవాలన్న ప్రయత్నాలు ఇంతవరకు కుదురుకోలేదు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది. అదే తీరులో హర్యానా చేసిన చట్టాన్ని 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక 2024 జులైలో ఒక బిల్లు తేబోయి పక్కన పెట్టింది. కాబట్టి 1952 నినాదం చివరకు చర్చల బల్ల దగ్గరికి చేరి ఒప్పందంగా మారగలిగింది. 2025 నినాదానికి ఆ బల్లే లేదు. బంద్ ముగిశాక ఎవరు ఎవరితో ఏమి మాట్లాడాలో ఇప్పటికీ స్పష్టత లేదు. ఉమ్మడి వర్తక సంఘం ఉన్న పట్టణంలో వేళలు, ధరలు, పనివారి నియామకం గురించి మాట్లాడుకునే వీలుంది. ఎవరి సంఘం వారిదైన చోట ఆ వీలు లేదు.

రేకుల షెడ్డుల్లో ఉన్న నగరం

దుకాణదారు కనిపించే వలసదారు. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించనివారు ఉన్నారు. బిహార్, ఒడిశా, ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి నగర పశ్చిమాన అంతస్తుల మీద అంతస్తులు వేస్తున్నవారు ప్రహరీ లోపలి రేకుల షెడ్డుల్లో ఉంటారు. ఊళ్లోనే ఠేకేదారు (కూలీలను కుదిర్చే గుత్తేదారు) మాట్లాడుకుంటాడు, రైలెక్కిస్తాడు, సైటులో దింపుతాడు. పనివాడికి తెలిసిన హైదరాబాద్ ఆ ప్రహరీ, ఆదివారం సంత, సికింద్రాబాద్ స్టేషన్. వీరిని పొమ్మని ఎవరూ అనరు, ఎందుకంటే వీరి అవసరం అందరికీ ఉంది. రమ్మని కూడా ఎవరూ అనరు.

ఇది 2020లో బయటపడింది. లాక్‌డౌన్ మొదలయ్యాక తెలంగాణ ప్రభుత్వం వలస కార్మికులకు తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. అయినా ఏప్రిల్ నెలాఖరుకు సంగారెడ్డి జిల్లా కందిలో నిర్మాణ కార్మికులు ఇంటికి పంపమని రోడ్డెక్కారు. మే 1 తెల్లవారుజామున వలస కార్మికులను ఇళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హతియాకు సుమారు 1,200 మందితో బయలుదేరింది. వారం తిరిగేసరికి బిహార్‌లోని ఖగడియా నుంచి రెండు వందల మందికి పైగా హమాలీలు అదే లింగంపల్లిలో దిగారు. యాసంగి ధాన్యం కుప్పలు పడి ఉన్నాయి, మిల్లుల్లో బస్తాలు మోసేవారు లేరు. రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ ఎవరి భుజాల మీద ఉందో ఆ రెండు రైళ్లు చెప్పినంత సూటిగా ఏ నివేదికా చెప్పలేదు.

ఈ కాలంలో మారినవి కొన్ని ఉన్నాయి. ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పథకానికి 2019 ఆగస్టులో తొలి ప్రయోగం జరిగింది రెండు జంట రాష్ట్రాల్లో. అందులో ఒకటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జంట. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని గడువు విధించింది. ఇప్పుడు బిహార్ కార్డుదారు హైదరాబాద్ చౌకధరల దుకాణంలో కార్డు నంబరు చెప్పి వేలిముద్ర వేస్తే అతని ఇంటి కోటా కనిపిస్తుంది. కావలసినంత ఇక్కడ తీసుకుంటే మిగిలినది ఊళ్లో భార్యాపిల్లలు తీసుకోవచ్చు. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. దుకాణంలో మాత్రం చిన్న అడ్డంకులే పెద్దవి. సిమెంటు పనితో అరిగిన వేళ్లను యంత్రం గుర్తించదు. సైటులో పని వదిలాక వెళ్తే దుకాణం మూసి ఉంటుంది. బయటి కార్డులకు ఇస్తే తన కార్డులకు సరుకు చాలదేమోనని డీలరు వెనకాడతాడు. పథకం ఉందన్న సంగతి ఠేకేదారు చెప్పడు, ప్రహరీ లోపలికి వచ్చి చెప్పేవారు అరుదు.

ఇటుక బట్టీల్లో పరిస్థితి ఇంకా క్లిష్టం. ఒడిశాలోని బలంగీర్, నువాపడ, కలహండి జిల్లాల కుటుంబాలు నువాఖాయీ (కొత్త పంట) పండుగ ముగిశాక అడ్వాన్సు తీసుకుని నగర శివార్లకు వస్తాయి, తొలకరికి తిరిగి వెళ్తాయి. మట్టి కలిపే మనిషి, అచ్చు పోసే మనిషి, ఇటుకలు తిప్పే పిల్లవాడు కలిసి ఒక జట్టు. కూలి లెక్క జట్టుకే. పిల్లవాడు బడికి వెళ్తే జట్టులో ఒక చేయి తగ్గుతుంది. విద్యాహక్కు చట్టంలోని 9వ సెక్షను వలస కుటుంబాల పిల్లలను చేర్చుకోవలసిన బాధ్యత స్థానిక సంస్థలదేనని స్పష్టంగా చెప్పింది. కానీ వచ్చేది విద్యాసంవత్సరం మధ్యలో, వెళ్లేది పరీక్షల ముందో వెనకో, మాట్లాడేది ఒడియా. బట్టీల దగ్గరే ఒడియా పాఠ్యపుస్తకాలతో, ఒడియా చెప్పగల బోధకులతో నడిపిన బడులు ఈ చిక్కుకు దొరికిన తెలివైన పరిష్కారాల్లో ఒకటి. పిల్లవాడు ఊరికి వెళ్లాక అదే తరగతిలో కూర్చోగలడు.

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. ఒడిశా దాదన్ కూలీల (గుత్తేదారు అడ్వాన్సుతో వలస వెళ్లేవారి) దుస్థితే దానికి ప్రేరణ. ఠేకేదారుకు లైసెన్సు, కార్మికుడికి పాసు పుస్తకం, స్థానభ్రంశ భత్యం అన్నీ అందులో ఉండేవి. నమోదు చేయించవలసినది ఠేకేదారే కాబట్టి, చేయించకపోతేనే అతనికి లాభం కాబట్టి, ఆ చట్టం ఎక్కువగా పుస్తకాల్లోనే ఉండిపోయింది. 2020లో దాన్ని వృత్తి భద్రత కోడ్‌లో కలిపారు.

భాష ఇచ్చిన వెసులుబాటు, తెచ్చిన దూరం

బెంగళూరులో భాష మీద వచ్చినన్ని గొడవలు హైదరాబాద్‌లో రావు. దీనికి కారణం ఓర్పు కంటే దక్కనీ ఉర్దూ. 2011 జనగణనలో హైదరాబాద్ జిల్లాలో తెలుగు, ఉర్దూ మాతృభాషలుగా చెప్పినవారు దాదాపు సరిసమానం. ఆటో ఎక్కినా, కూరగాయలు కొన్నా, పోలీసు స్టేషన్‌కు వెళ్లినా హిందీ వచ్చినవాడికి పని జరిగిపోతుంది. కొత్తవాడికి ఇది పెద్ద ఊరట.

అదే వెసులుబాటు వల్ల ఏళ్ల తరబడి ఇక్కడ ఉండి కూడా తెలుగు ముక్క రానివారు వేలల్లో ఉంటారు. నగరంలో ఇది సమస్య కాదు. ఆమన్‌గల్ వంటి పట్టణంలో అవుతుంది. అక్కడ దుకాణదారు తెలుగు మాట్లాడకపోతే కొనేవాడికి అది బెట్టుగా కనిపిస్తుంది. నగరంలో పుట్టిన అలవాటు జిల్లాలకు వెళ్లినప్పుడు చెల్లదన్న సంగతి ఈ వివాదంలో పెద్దగా చర్చకు రాలేదు. కొత్తవారికి తెలుగు నేర్పే పని ప్రభుత్వం చేపట్టింది బడుల్లో మాత్రమే. తెలంగాణ 2018 చట్టం అన్ని బోర్డుల పాఠశాలల్లో పదో తరగతి దాకా తెలుగును దశలవారీగా తప్పనిసరి చేసింది. పిల్లలు నేర్చుకుంటారు. పెద్దలకు నేర్పే ఏర్పాటు లేదు.

కేరళ, సింగపూర్ చూపిన రెండు దారులు

కేరళకు హిందీ వంతెన లేదు. అందుకే అక్కడ ప్రభుత్వం ఆ వంతెన కట్టవలసి వచ్చింది. 2010లోనే వలస కార్మికుల సంక్షేమ పథకం తెచ్చింది. 2017లో 'ఆవాజ్' పేరుతో ఆరోగ్య బీమా ఇచ్చింది. అదే ఏడాది ప్లైవుడ్ మిల్లులున్న పెరుంబావూరులో 'చంగాతి' కార్యక్రమం కింద వలస కార్మికులకు మలయాళం చదవడం, రాయడం నేర్పడం మొదలుపెట్టింది. ఎర్ణాకుళం జిల్లాలో 'రోష్నీ' పథకం వలస పిల్లలకు వారి భాష తెలిసిన సహాయకుల ద్వారా మలయాళం బడిని అలవాటు చేసింది. పాలక్కాడ్ దగ్గర కంజికోడ్‌లో కార్మికుల కోసం హాస్టల్ కట్టింది. అధికారిక భాషలో వారిని అతిథి కార్మికులని పిలుస్తుంది. ఆ పిలుపులో గౌరవం ఉన్నా, అతిథి ఏదో ఒక రోజు వెళ్లిపోతాడన్న ఊహ కూడా ఉందని అక్కడి విమర్శకులు అంటారు. పనివాడు తరచూ యజమానిని మార్చడం వల్ల నమోదు సంఖ్యలు తక్కువగానే ఉంటున్నాయి. అయినా కార్మికుడు ఠేకేదారు ప్రమేయం లేకుండా నేరుగా వెళ్లగల కౌంటరు ఒకటి అక్కడ ఉంది.

సింగపూర్ దారి వేరు. 1989 నుంచి ప్రభుత్వ గృహ సముదాయాల్లో ప్రతి బ్లాకులోనూ చైనీయులు, మలయులు, భారతీయులు ఎంతమంది ఉండవచ్చో పరిమితి పెట్టింది. బీహెచ్ఈఎల్ జాబితా యాదృచ్ఛికంగా చేసినదాన్ని అక్కడ నిబంధనతో చేశారు. జనాభాలో అధిక శాతం ప్రభుత్వం కట్టిన ఇళ్లలోనే ఉండే దేశంలో సాధ్యమైనది ఇళ్లన్నీ ప్రైవేటువైన నగరంలో సాధ్యం కాదు. పైగా సొంత ఇల్లు తమకు నచ్చినవారికి అమ్ముకోలేని ఇబ్బంది అక్కడి మైనారిటీలకే ఎక్కువ.

ముందు ఏమి జరగవచ్చు

మండల కేంద్రాల్లో దుకాణాల తగాదా మళ్లీ తలెత్తే అవకాశం ఎక్కువ. చదువుకున్న యువకులకు వ్యవసాయం వద్దు, సర్కారు కొలువు దొరకదు; చిన్న వ్యాపారమే మిగిలింది. ఆ మార్గంలో అప్పు దొరక్క ఆగిపోయినవాడికి ఎదురుగా కనిపించేది వలస వ్యాపారే. స్థానిక యువకుడికి టోకు సరుకు మీద అప్పు దొరికే ఏర్పాటు ఏదైనా వస్తే, నినాదానికి కావలసిన ఇంధనం చాలావరకు తగ్గుతుంది. రాకపోతే ప్రతి ఎన్నికల ముందూ ఇది మళ్లీ వినిపిస్తుంది.

నిర్మాణ కార్మికుల విషయంలో ఒత్తిడి ఇంకోలా ఉండవచ్చు. తెలంగాణ పల్లెల్లో వరి నాట్లకు కూడా బిహార్, బెంగాల్ కూలీలు వస్తున్నారు. వలస నగరం దాటి పొలానికి చేరింది. స్థానిక కూలీల రేట్లు తగ్గుతున్నాయన్న ఫిర్యాదు మొదలైతే అది దుకాణాల గొడవ కంటే లోతుగా పోతుంది. ముంబయిలో కామాఠీలుగా, భివండీలో, షోలాపూర్‌లో నేత కార్మికులుగా, పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీ జట్లుగా దేశమంతా తిరిగి పనిచేసిన తెలుగువారికి ఈ లెక్క రెండు వైపుల నుంచీ తెలుసు. 1960ల్లో ముంబయిలో దక్షిణాదివారిని వెళ్లిపొమ్మన్న నినాదం ఉద్యోగాల చుట్టూ పుట్టినదే.

వీటన్నిటికీ ముందు కావలసినది లెక్క. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారన్న చివరి జనగణన సమాచారం 2011 నాటిది. ఆహార భద్రత కార్డుల కోటాలు కూడా ఆ సంఖ్యల మీదే నడుస్తున్నాయి. తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఆ తేదీకి ఇటుక బట్టీలు నిండుగా ఉంటాయి, నిర్మాణ పనులు జోరుగా సాగుతుంటాయి. గణకులు ప్రహరీల లోపలికీ బట్టీల దగ్గరికీ వెళ్లి లెక్కిస్తే, నగరంలో ఎన్ని రేషన్ దుకాణాలకు అదనపు సరుకు పంపాలో, ఏ శివారులో ఒడియా బోధకులు కావాలో, ఎక్కడ హిందీ తెలిసిన ఆశా కార్యకర్తను వేయాలో పదహారేళ్ల తరువాత మొదటిసారి అంకెలతో తేలుతుంది.